ఎర్రగీత కింద నలభై మూడు నిమిషాలు

జరిగినవి ముందుగా, జరిగిన వరసలో పెడతాను. తేదీలన్నీ నా నోటు పుస్తకంలో ఉన్నాయి. ఆ కుటుంబాన్ని ఎవరూ గుర్తుపట్టకూడదు కనుక ఇక్కడ రోజుల లెక్క మాత్రమే ఇస్తున్నాను.

మొదటి రోజు, మధ్యాహ్నం 1.22. కొల్లేటి అంచు పల్లె నుంచి ఒక తల్లి తన పదహారేళ్ళ కూతుర్ని ఏలూరులో ఒక ధర్మసంస్థ నడిపే ఆసుపత్రి క్యాజువాలిటీకి తీసుకువచ్చింది. బెంచీ మీద కూర్చోమన్నారు. పేరు రాయలేదు.

మొదటి రోజు, 2.05. పేరు రాశారు. ‘వచ్చిన సమయం’ అనే గడిలో కూడా 2.05 అనే రాశారు.

మొదటి రోజు, 3.50. మొదటిసారి షుగర్ పరీక్ష చేశారు. మీటరు అంకె చూపలేదు. తాను కొలవగలిగిన హద్దు దాటిపోయిందని మాత్రం చూపింది.

రెండో రోజు, తెల్లవారేలోపు. అమ్మాయి చనిపోయింది.

తొమ్మిదో రోజు. తల్లి ఫిర్యాదు రాసి తెచ్చి ఇచ్చింది. తీసుకున్నారు. అందినట్టు రసీదు ఇవ్వలేదు.

ఇరవై నాలుగో రోజు. విచారణ సంఘం వేశారు. ఆ సంగతి తల్లికి తెలపలేదు.

నలభయ్యో రోజు. తల్లిని పిలిపించి, పదకొండు నిమిషాలు మాట్లాడి పంపేశారు. అలా పంపినవారిలో నేనొకదాన్ని.

డెబ్బై ఆరో రోజు. నివేదిక యాజమాన్య మండలికి వెళ్ళింది. తల్లికి ప్రతి ఇవ్వలేదు.

ఆ తర్వాత ఆవిడ మూడు రిజిస్టరు ఉత్తరాలు రాసింది. మొదటిదానికి ‘విషయము పరిశీలనలో ఉన్నది’ అని ఒక్క వాక్యం వచ్చింది. మిగిలిన రెంటికీ ఏమీ రాలేదు. ఆ పరిశీలన ఈ రోజుకీ సాగుతూనే ఉన్నదని అనుకోవాలి.

నర్సింగు వృత్తిలోకి ఈ మధ్యనే అడుగుపెట్టిన అమ్మాయిలారా, మీ సంచికకు నా సర్వీసులోంచి ఒక మధురమైన జ్ఞాపకం రాసి పంపమని అడిగారు. అటువంటివి నా దగ్గర లేకపోలేదు. కవల పిల్లల కేసు ఉంది, తుపాను వారంలో పడవ మీద తెచ్చిన బాలింత ఉంది. వాటిని ఎవరైనా రాయగలరు. ముప్పై ఆరేళ్ళ ఉద్యోగంలో నేను దేనికి ఎక్కువ గర్వపడతానో అడిగితే మాత్రం, ఒక నివేదికకు వెనక కుట్టిన మూడు కాగితాల పేరే చెబుతాను. వాటిలో మొదటి పేజీ నా మీద నేను రాసుకున్నదే.

నాకు రాసుకునే అలవాటు ఉంది. మా నాన్నగారు గణపవరం దగ్గర మిషను బడిలో ఉపాధ్యాయులు. రోజు ముగిసేలోపు ఆ రోజు చేసిన పనిని గంటలతో సహా రాయించేవారు. ఆ అలవాటు నాతో పాటే ఆసుపత్రికి వచ్చింది. నా వెనక సిస్టర్లు నన్ను ‘గడియారం మేడమ్’ అనేవారని నాకు తెలుసు. “ఆవిడ కాఫీ తాగినా టైము వేసుకుంటుందండీ” అని ఒకామె కొత్తవాళ్ళకు చెబుతుండగా నేనే విన్నాను. ఆ మాటను కూడా సమయంతో సహా రాసుకున్నాను.

కేసు సంగతి క్లుప్తంగా చెబుతాను. అమ్మాయి ఇంటర్మీడియెట్ మొదటి సంవత్సరం, బైపీసీ. రెండు మూడు వారాలుగా చిక్కిపోతోంది, అస్తమానం దాహమంటోంది. కాలేజీ బస్సులో తిరుగుడు వల్ల అనుకున్నారు ఇంట్లో. ఒక ఉదయం వాంతులు మొదలయ్యాయి. ఊళ్ళో ఆర్.ఎం.పి. డాక్టరు నీరసమని గ్లూకోజు బాటిల్ ఎక్కించాడు. మన వైపు నీరసమంటే గ్లూకోజు బాటిలే. జనమూ అదే అడుగుతారు, ఎక్కించకపోతే వైద్యం చేయలేదంటారు. కాని ఆ పిల్లకు వచ్చింది చిన్న వయసులో వచ్చే షుగరు జబ్బు. ఒంట్లో ఇన్సులిన్ తయారవడం ఆగిపోయి, రక్తం ఆమ్లంగా మారుతోంది. ఆ స్థితిలో ఎక్కించకూడనిదే ఎక్కించారు. ఏలూరు చేరేసరికి ఊపిరి లోతుగా, వేగంగా, పరుగెత్తి వచ్చినదానిలా తీస్తోంది. ఆ ఊపిరి చూస్తే వేలి కొన నుంచి ఒక్క రక్తపు చుక్క తీసి పరీక్షించాలి. నిమిషం పని. ఆ నిమిషం రెండున్నర గంటల తర్వాత వచ్చింది.

విచారణ సంఘంలో ముగ్గురం. అధ్యక్షులు మా ఆసుపత్రిలోకెల్లా సీనియర్ ఫిజీషియన్. మంచి వైద్యులు, మృదువైన మనిషి. ఎవరినీ నొప్పించకుండా డెబ్బై ఏళ్ళు దాటించినవారు. ప్రశ్న ఇబ్బందికరంగా మారే సమయానికి ఆయనకు టీ గుర్తొచ్చేది. “టీ తాగుదామా అండీ” అంటే ఆ ప్రశ్న అంతటితో ముగిసిందని అర్థం. రెండోవారు పరిపాలనాధికారి. మూడోదాన్ని నేను, నర్సింగ్ సూపరింటెండెంటును. రిటైర్మెంటుకు పది నెలలు ఉంది.

రెండో సమావేశానికే నివేదిక చిత్తుప్రతి సిద్ధమైంది. అందులో మూడు కారణాలు చూపారు. కుటుంబం ఆలస్యంగా తీసుకువచ్చింది. ఊరి డాక్టరు గ్లూకోజు ఎక్కించాడు. డ్యూటీలో ఉన్న కాంట్రాక్టు నర్సు షుగర్ పరీక్ష సంగతి డాక్టరుకు గుర్తు చేయలేదు. ఆసుపత్రి వైపు నుంచి మాత్రం అమ్మాయి రాగానే పేరు రిజిస్టరులో రాసి, పదిహేను నిమిషాల్లో డాక్టరుకు చూపించారట. ఆధారం రిజిస్టరు: 2.05 రాక, 2.20 డాక్టరు చూడడం. చదివితే ఎక్కడా అబద్ధం దొరకదు. మూడు కారణాలూ కొంతవరకు నిజమే. అటువంటి నివేదికను కాదనడం చాలా కష్టం.

తల్లిని పిలిచిన రోజు, ఆవిడ కూర్చోకముందే అన్న మాట ఇదే. “మేం రెండింటికి రాలేదండీ. ఒంటిగంటన్నర కాకముందే వచ్చాం.” అధ్యక్షులు మెత్తగా అడిగారు, టైము అంత ఖాయంగా ఎలా చెప్పగలవమ్మా అని. “పిల్ల చెప్తానే ఉందండీ. ఫోన్లో టైము చూసి చెప్తానే ఉంది” అంది ఆవిడ. అధ్యక్షులు తల ఆడించి, పాపం అన్నట్టు చూసి, టీ చెప్పించారు. ఆవిడ టీ తాగలేదు. పదకొండో నిమిషంలో నమస్కారం పెట్టి వెళ్ళిపోయింది.

నేను ఆ మాట రాసుకున్నాను. తర్వాత అడగవలసిన ప్రశ్న అడగలేదు. ఎందుకు అడగలేదో ఆ రోజు నాకే తెలియదని అనుకున్నాను. ఇంటికి వచ్చాక నోటు పుస్తకం తిరగేస్తుంటే ‘ఫోన్లో టైము’ అన్న మాట దగ్గర చూపు ఆగింది. ఏ ఫోను? ఎవరితో మాట్లాడుతోంది ఆ పిల్ల?

విచారణ సభ్యురాలు ఫిర్యాదుదారు ఇంటికి వెళ్ళకూడదు. అది నాకు తెలుసు. ఆదివారం ఆరాధన అయ్యాక కైకలూరు బస్సెక్కాను. అక్కడి నుంచి ఆటోలో చెరువుల గట్టు మీద వెళ్ళాను. రెండు వైపులా చెరువుల్లో చేపలకు గాలి అందించే ఏరేటర్లు నీళ్ళు చిమ్ముతున్నాయి. సోమవారం ఉదయమే అధ్యక్షులకు, వెళ్ళిన సంగతి లిఖితపూర్వకంగా తెలిపాను. దాచి చేసిన పని కాదు.

తల్లి అంగన్‌వాడీలో ఆయా. తండ్రి ఒక చేపల చెరువు మీద మేత వేసే పని చేస్తాడు. ఆయన నాకు కుర్చీ తెచ్చి వేసి, మేత వేళయిందని చెప్పి చెరువు వైపు వెళ్ళిపోయాడు. తల్లి గుమ్మంలోంచి కదలలేదు.

“మీరు ఆ రోజు బల్లకి అవతల కూర్చున్నావిడే కదండీ.”

“అవునమ్మా.”

“నన్ను ఒక్క మాటా అడగలేదు మీరు.”

“మీరు చెప్పినదంతా రాసుకున్నాను.”

“రాసుకుంటే ఏమొస్తుందండీ? అడిగితే కదా చెప్పేది. ఆడమనిషి ఉంది, ఈవిడ అడుగుతుందిలే అనుకున్నాను. మీరేమో పెన్ను కదుపుతానే ఉన్నారు.”

నా సర్వీసులో నన్ను చాలామంది చాలా మాటలన్నారు. ఇంత సరిగ్గా ఎవరూ అనలేదు. ఇప్పుడు అడుగుతున్నానమ్మా అన్నాను. ఆ ఫోను ఎవరిది?

ఫోను తల్లిదే. అంగన్‌వాడీ పనికి కొన్నది. ఆ మధ్యాహ్నం బెంచీ మీద అమ్మాయి దాన్ని తీసుకుని తన క్లాసు స్నేహితురాలికి సందేశాలు పెట్టింది. తల్లి అప్పటి నుంచి వాటిని తెరవలేదు. తెరిచి నా చేతికిచ్చి, తాను లోపలికి వెళ్ళి గిన్నెలు సర్దుకుంది. అమ్మాయి ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు రాసింది. నేను మన లిపిలోకి మార్చాను, మాట మార్చలేదు.

1.22: ‘హాస్పిటల్‌కి వచ్చేశాం. బెంచీ మీద కూర్చోమన్నారు.’

1.31: ‘బాటిల్ నీళ్ళు మొత్తం తాగేశా. మళ్ళీ దాహం. మా అమ్మ ఇంకో బాటిల్‌కి వెళ్ళింది.’

1.40: ‘ఏదో లైను గీసేశారంట. రెండింటికి కొత్త సిస్టర్లు వస్తే గానీ పేరు రాయరంట. మనం లైనుకి కింద పడ్డామే.’ పక్కన నవ్వు బొమ్మ.

1.52: ‘ఊపిరి అందట్లేదు. బోటనీ రికార్డు నా బ్యాగులో ఉంది, నువ్వు తీసుకుని వేసుకో.’

ఆ తర్వాత ఏమీ లేదు.

మూడో సందేశాన్ని నేను ఎన్నిసార్లు చదివానో చెప్పను. ‘లైను’ అంటే ఏమిటో ఆ ఇంట్లో ఎవరికీ తెలియదు. ఆ స్నేహితురాలికీ తెలియదు. నాకు తెలుసు. దాన్ని మొదలుపెట్టింది నేనే.

అది ఎలా మొదలైందో చెప్పాలి, లేకపోతే మా సిస్టర్లను మీరు రాక్షసులనుకుంటారు. ఇరవై ఏళ్ళకు పైగా అయింది. అప్పుడు నేను క్యాజువాలిటీ ఇన్‌చార్జిని. డ్యూటీ మారే వేళ పాము కరిచిన కూలీని తీసుకువచ్చారు. ఉదయం సిస్టరు పేరు రాసింది. మధ్యాహ్నం సిస్టరు మందు ఇచ్చి ఉంటారనుకుంది. ఇవ్వలేదు. అదృష్టం బాగుండి గంటలో తెలిసింది, మనిషి బతికాడు. ఒక కేసు ఇద్దరి చేతిరాతలో ఉంటే అది ఎవరిదీ కాకుండా పోతుందని ఆ రోజు నాకు అర్థమైంది. అప్పుడు ఒక పద్ధతి పెట్టాను. సరిగ్గా రెండు గంటలకు వెళ్ళేవారూ వచ్చేవారూ ఇద్దరూ రిజిస్టరు దగ్గర నిలబడాలి. ఎర్ర సిరాతో గీత గీసి ఇద్దరూ సంతకం పెట్టాలి. గీత పైన ఉన్న పేరు వెళ్ళేవారి బాధ్యత, కింద రాసేది వచ్చినవారి బాధ్యత. మందులు, షుగర్ చూసే స్ట్రిప్పులు లెక్కచూసి, బీరువా తాళం చేతులు మారాలి. యాజమాన్యం నాకు ప్రశంసాపత్రం ఇచ్చింది. అన్ని వార్డులకూ ఆ పద్ధతి పాకింది. ఎక్కడ ఎర్రగీత కనిపించినా నాకు లోపల సంతోషంగా ఉండేది.

గీత మంచిదే. అది కదిలింది.

మాలో సగంమంది తాడేపల్లిగూడెం నుంచి రైల్లో వచ్చేవాళ్ళం. తిరిగి వెళ్ళే పాసింజరు రెండూ ఇరవైకి. రెండింటికి గీత గీసి, లెక్కలు చూసి, స్టేషనుకు చేరితే బండి తప్పిపోయేది. మళ్ళీ బండి సాయంత్రానికి. కనుక లెక్క కొంచెం ముందు మొదలైంది. లెక్క ముందు అయితే గీతా ముందే గీయాలి కదా. వచ్చేవారు తమ సంతకం రెండింటికి వచ్చాక పెట్టుకునేవారు. రెండుకు పది తక్కువకు, తర్వాత పావు తక్కువకు, తర్వాత ఒంటిగంటన్నరకు, చివరకు ఒంటిగంటా పావుకు. గీత గీశాక పేరు రాస్తే అది ఎవరి కేసు? ఎవరిదీ కాదు. కాబట్టి వచ్చినవాళ్ళను బెంచీ మీద కూర్చోబెట్టేవారు. నెత్తురు కారుతుంటే గీత చెరిపేసేవారు, అంత మాత్రం విచక్షణ ఎప్పుడూ ఉంది. వాంతులతో కూర్చున్న కాలేజీ పిల్లకు గీత చెరపలేదు.

ఇంటికి వచ్చి పాత నోటు పుస్తకాలు దించాను. ఇన్‌చార్జిగా నా ఆఖరి సంవత్సరంలో, నా చేతిరాతలో, ఒక పేజీలో ఇలా ఉంది: ‘గీత 1.40. పాసింజరు అందింది.’ ఆ నెలలో అటువంటివి తొమ్మిది ఉన్నాయి. అంటే గీతను మొదట కదిపిన చెయ్యి కూడా నాదే. ఇంకొకరి పుస్తకం అయితే చూడకుండా వదిలేయవచ్చు. ఇది నా పుస్తకం.

మూడో సమావేశానికి ఫోనులోని సందేశాల ప్రతి, నా పాత నోటు పుస్తకం, రెండూ తీసుకువెళ్ళాను. అధ్యక్షులు సందేశాలు చదివారు. కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. తర్వాత నెమ్మదిగా అన్నారు, “మేడమ్, ఇది రికార్డులోకి వస్తే మీ పేరూ వస్తుందండీ. పది నెలల్లో మీ రిటైర్మెంటు. ఆలోచించండి. టీ చెప్పమంటారా?”

“ముందు ఇది రాయండి సార్. టీ తర్వాత తాగుదాం.”

ఆయన నన్ను మెచ్చుకున్నట్టూ చూశారు, నొచ్చుకున్నట్టూ చూశారు. కాంట్రాక్టు నర్సును లోపలికి పిలిపించారు.

ఆ అమ్మాయిది కామవరపుకోట వైపు మెట్ట ఊరు. ఇరవై నాలుగేళ్ళు. ఆ రోజు మనిషి తక్కువై ఉదయం, మధ్యాహ్నం రెండు డ్యూటీలూ ఆమే చేసింది. చివరి నివేదికలోనూ తప్పు ఆమె మీదే ఉంటే కాంట్రాక్టు అక్కడితో రద్దు. ఆ సంగతి ఆమెకు తెలుసు, మాకూ తెలుసు. అడిగిన ప్రశ్నకు నిలబడే జవాబు చెప్పింది.

“నేను చూశానండీ బెంచీ మీద. హెడ్ సిస్టర్ గారితో చెప్పాను, ఆ అమ్మాయి ఊపిరి బలంగా తీస్తోంది, ఒకసారి షుగర్ చూద్దామా అని. స్ట్రిప్పులు అప్పుడే లెక్కపెట్టి తాళం వేశారు. గీత అయిపోయింది, ఇప్పుడు తీస్తే లెక్క తప్పుతుంది, రెండింటికి వాళ్ళు చూసుకుంటారు అన్నారండీ. రెండయ్యాక డాక్టర్ గారు గ్యాసు ఇంజెక్షను రాశారు. నేను రెండోసారి అడగలేదు. అది నా తప్పేనండీ.”

రెండు గంటల ఐదు నిమిషాలని ఎందుకు రాశావని అధ్యక్షులు అడిగారు. గీత కింద రాసేవాళ్ళకు గీత తర్వాతి టైమే వేస్తామని, ఎప్పుడూ అలాగే రాస్తామని, అలాగే నేర్పారని చెప్పింది.

తర్వాత హెడ్ నర్సు వచ్చింది. క్యాజువాలిటీలో ఇరవై రెండేళ్ళు చేసిన మనిషి. నా చేతి కింద పని నేర్చుకున్నదే. నా కంటె వేగంగా నరం దొరకబుచ్చుకునేది, నా కంటె గట్టిగా రోగులను కసిరేది. తాడేపల్లిగూడెంలో మా ఇంటికి రెండు వీధుల అవతల ఇల్లు. గంటసేపటి రైలు ప్రయాణంలో మా ఇద్దరి మధ్య నలగని విషయం లేదు. కాంట్రాక్టు అమ్మాయి అబద్ధం చెబుతోందని ఒక్క మాట అంటే చాలు, ఆవిడ బయటపడిపోవచ్చు. ఇద్దరి మాటల్లో ఏది నమ్ముతారో అందరికీ తెలిసిందే. నేను ఆవిడ వైపు చూడలేదు. చూస్తే నేనేదో అడుగుతున్నట్టు ఉంటుంది.

“ఈ పిల్ల చెప్పింది నిజమేనండీ” అంది హెడ్ నర్సు. “గీత నేనే గీశాను. ఒంటిగంటా పదిహేనుకి. స్ట్రిప్పులు తీయొద్దన్నదీ నేనే. బండి అందుకోవాలి.” నా వైపు తిరిగి, “నాకు నేర్పింది మాత్రం మా మేడమేనండీ” అంది. అందులో నిష్ఠూరం లేదని చెప్పలేను.

“నేర్పింది నేనే. అదీ రాయండి” అన్నాను పరిపాలనాధికారితో.

ఆయన పెన్ను ఆపి అధ్యక్షుల వైపు చూశారు. అధ్యక్షులు తల ఊపారు. ఆయన రాశారు.

అమ్మాయిలారా, మన వృత్తిలో తప్పు జరిగిన రోజున గదిలో ముగ్గురు నిలబడి, ముగ్గురూ ఎవరి వాటా వారు ఒప్పుకోవడం నేను అంతకుముందు చూడలేదు. ఆ తర్వాత కూడా చూడలేదు. నాకు గర్వం ఆ గదిని గురించే. అక్కడ మాలో ఎవరికీ లాభం లేదు. ఒకామె ఉద్యోగం పోగొట్టుకోవచ్చు, ఒకామె పరువు పోగొట్టుకోవచ్చు, నేను ఇరవై ఏళ్ళుగా గోడకు తగిలించుకున్న ప్రశంసాపత్రం అర్థం లేనిది కావచ్చు. అయినా చెప్పారు. నేను రాయించాను.

ఇంత జరిగినా నివేదిక మారలేదు. ఫోను సందేశాలు ఆసుపత్రి రికార్డు కావని, చట్టం ముందు నిలిచేది రిజిస్టరేనని, పైవారి సలహా తీసుకున్నామని పరిపాలనాధికారి చెప్పారు. 2.05 అలాగే ఉంది. నేను సంతకం చేయలేదు. మూడు పేజీల అసమ్మతి నోటు రాశాను. గీత ఎలా పుట్టింది, ఎలా కదిలింది, ఎవరు కదిపారు, ఆ రోజు ఏ నిమిషంలో ఏం జరిగింది. దాన్ని నివేదిక నుంచి విడదీసి వేరే ఫైలులో పెట్టమని పైనుంచి మాట వచ్చిందట. ఎవరినీ నొప్పించని మా అధ్యక్షులు ఆ ఒక్కసారి నొప్పించారు. నోటును తమ చేతితో నివేదికకు కుట్టి, ‘ఇది నివేదికలో భాగము, మూడు పేజీలు’ అని రాసి, ప్రతి పేజీ మీద సంతకం పెట్టారు. ఆ రోజు మేం టీ తాగాం.

వెనక కుట్టిన ఆ నోటు వల్ల కాంట్రాక్టు అమ్మాయి ఉద్యోగం పోలేదు. హెడ్ నర్సుకూ నాకూ చెరొక మెమో వచ్చింది. నా మెమోను ప్రశంసాపత్రం పక్కనే ఫైలు చేసుకున్నాను. రెండూ ఒకే గీతకు వచ్చాయి, విడదీయడం న్యాయం కాదు. నెల తిరగకుండా కొత్త పద్ధతి వచ్చింది. దాన్ని రాసింది హెడ్ నర్సే, నన్ను ఒక్క మాటా అడగలేదు. క్యాజువాలిటీ బెంచీకి ఒక పుస్తకం పురికొసతో కట్టి ఉంటుంది. వచ్చిన మనిషిని మొదట ఎవరు చూస్తే వారు, ఆయా అయినా సరే, పేరూ సమయమూ రాయాలి. చిన్న వయసువాళ్ళు వాంతులతో గాని, ఆయాసంతో గాని వస్తే డాక్టరు చెప్పేదాకా ఆగకుండా షుగర్ చూడాలి. స్ట్రిప్పుల డబ్బాకు తాళం లేదు. ఎర్రగీత ఇప్పుడూ ఉంది, రెండు గంటలకే గీస్తారు. పాసింజరు తప్పితే తప్పుతుంది. ఆ పుస్తకం వచ్చాక అటువంటి ఊపిరితో వచ్చిన ఇద్దరు పిల్లలను మొదటి నిమిషాల్లోనే పట్టుకున్నారని, ఇద్దరూ నడిచి ఇంటికి వెళ్ళారని కాంట్రాక్టు అమ్మాయి నాకు ఫోను చేసి చెప్పింది. ఇప్పుడు ఆమె పర్మనెంటు.

ఆ నలభై మూడు నిమిషాలు దక్కి ఉంటే ఆ పిల్ల బతికేదా అని నన్ను చాలామంది అడిగారు. తల్లి కూడా అడిగింది. తెలియదు అని చెప్పాను. బతికేదని చెప్పే హక్కు నాకు లేదు, బతికేది కాదని చెప్పే హక్కు ఎవరికీ లేదు. గ్లూకోజు అప్పటికే ఎక్కింది. రెండింటి తర్వాత పోగొట్టుకున్న గంటన్నర ఇంకా పెద్దది. అయితే ఆవిడ అడుగుతున్నది అది కాదు. “పిల్ల పోయింది. ఎందుకు పోయిందో మీరు చెప్పలేరు, సరే. ఎప్పుడొచ్చామో అన్నా చెప్పరాండీ? ఆలస్యంగా తెచ్చావంటున్నారు మా వాళ్ళంతా. ఆయన కూడా ఒకసారి అన్నాడు” అంది ఆవిడ కిందటి నెల నాతో. ఊళ్ళో, చుట్టాల్లో, చివరకు తన ఇంట్లో కూడా, కూతుర్ని ఆలస్యంగా తెచ్చిన తల్లిగా ఆవిడ బతుకుతోంది. ఆ మాటకు ఆధారం మా రిజిస్టరు. అది అబద్ధమని నాకు తెలుసు, నా నోటు చదివిన ప్రతివారికీ తెలుసు. తెలిసి ఊరుకున్నవాళ్ళందరూ ఆ మాట అంటున్నట్టే లెక్క.

నేను రిటైరై రెండేళ్ళు దాటింది. నాకు పెన్షను తప్ప ఆ సంస్థతో లావాదేవీ లేదు. ఆ పెన్షను ఆగినా ఈ రాత ఆగదు. కనుక ఈ వ్యాసం ముఖంగా, దీని ప్రతిని రిజిస్టరు పోస్టులో పంపుతూ, ఆ ఆసుపత్రి యాజమాన్య మండలివారిని ఈ కింది విధంగా కోరుతున్నాను.

అయ్యలారా, అమ్మలారా, మీ వద్ద ఉన్న విచారణ నివేదికకు మూడు పేజీల నోటు కుట్టి ఉన్నది. దాన్ని మీరు అంగీకరిస్తున్నారో లేదో తెలపండి. అంగీకరించకపోతే అందులో ఏ వాక్యం తప్పో, ఏ ఆధారంతో తప్పో రాయండి. అంగీకరిస్తే, ఆ అమ్మాయి మీ ఆసుపత్రికి మధ్యాహ్నం ఒంటిగంటా ఇరవై రెండు నిమిషాలకు వచ్చిందని, రెండు గంటల ఐదు నిమిషాల దాకా ఆమె పేరు రాయలేదని, ఆలస్యం తల్లిది కాదని, మీ అధికారిక కాగితం మీద, మీ ముద్రతో, బాధ్యత గల సంతకంతో రాసి ఇవ్వండి. పరిశీలనలో ఉన్నదన్న వాక్యాన్ని ఇకపై సమాధానంగా స్వీకరించబోము. ఈ ఉత్తరం అందిన పదిహేను పనిదినాలలోగా జవాబు రావాలి.

జవాబు నాకు పంపనక్కరలేదు. కొల్లేటి గట్టున ఉన్న ఆ తల్లి ఇంటి చిరునామాకు, ఆవిడ పేరు మీద పంపండి. ఆవిడ సంతకం చేసి తీసుకుంటుంది.